మట్టితో చేసిన కండెల మిషను

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారితే రాట్నం చప్పుడే. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉండేవాళ్లం. సాంచాల, అంటే మరమగ్గాల, యజమాని నూలు పంపితే అమ్మ దాన్ని చేతిరాట్నం మీద చిన్న చిన్న కండెలుగా చుట్టి ఇచ్చేది. ఆ కండెలే మాకు అన్నం పెట్టేవి. ఒక ఏడు అమ్మ కుడి భుజం పట్టేసింది. చక్రం తిప్పుతూ ఏడ్చేది. చుట్టడం ఆగితే నూలు ఇంకొకరింటికి పోతుందని నాక్కూడా తెలుసు.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, జీవితమంతా చేతిమగ్గం నేసిన మనిషి. కాలితో తొక్కితే తిరిగే కండెల మిషను ఇంట్లోనే చేద్దామన్నాడు. మోటారు మన తాహతుకు మించిందని ముందే పక్కన పెట్టేశాడు. కలప పాత మగ్గానిది, చక్రం ఒక పాత సైకిలుది. కొనాల్సిందల్లా కొంచెం ఇనుము. అదైనా కొనే ముందు ఆయన చేసిన పని చూసి, ముసలాయనకు మతి పోయిందని వాడకట్టంతా నవ్వింది. మట్టి, వెదురు పుల్లలు, సుతిలి తాడుతో ఉత్తుత్తి మిషను కట్టి, అమ్మను దాని ముందు కూర్చోబెట్టి తొక్కమన్నాడు. దారం లేదు, చక్రం తిరగదు, అమ్మ మాత్రం బుద్ధిగా చుడుతున్నట్టు చేయాలి. నాకు నవ్వాగలేదు.

"ఇనుము కొన్నంక తప్పు తెలిస్తే పైసలు పాయె బిడ్డా. మట్టిల తెలిస్తే నీళ్లు పోసి మల్ల పిసుకుడే," అన్నాడు తాతయ్య.

నిజమే. కండె పెట్టే చోటు ఎత్తుగా ఉందని, భుజం లేపాల్సి వస్తోందని అమ్మ కూర్చున్నాకే తెలిసింది. దాన్ని దించాడు. తొక్కుడు చెక్కను దగ్గరికి జరిపాడు. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వడం చూశాను.

అవి అన్నల రోజులు. నక్సలైట్లను మా వైపు అలాగే అనేవారు. తాతయ్య కోరుట్లలో పాత ఇనుప సామాను కొట్టులో కడ్డీలు, రెండు గొట్టాలు, ఒక స్ప్రింగు కొని, మూట కట్టుకుని బస్సులో వస్తుంటే పోలీసులు దారిలో దింపేశారు. ఇవి తుపాకులు చేయడానికే అన్నారు. ఇంకా పుట్టని మిషను కోసమని చెబితే ఎవరు నమ్ముతారు? సోదా చేయడానికి ఆయన్ను జీపులో మా ఇంటికే తెచ్చారు.

తల వంచుకుని నిలబడ్డ తాతయ్యను చూసి నాకు ఏడుపొచ్చింది.

"తుపాకి కాదు సారూ, కండెల మిషిను. గిట్ల ఉంటది, సూడుండ్రి," అంటూ అమ్మ పోయి ఆ మట్టి మిషను ముందు కూర్చుంది. తిరగని చక్రాన్ని తొక్కింది. లేని దారాన్ని నొప్పి చేత్తో పట్టుకుని చుట్టింది. ఒక పోలీసు నవ్వాడు. వాళ్ల పెద్ద వంగి తొక్కుడు చెక్కను చూశాడు. ఆపితే అబద్ధమనుకుంటారని అమ్మ ఆపలేదు. మేం చూస్తూ నిలబడ్డాం. మా చేతుల్లో ఏముంది?

తాతయ్యను వదిలేశారు. ఇనుము మాత్రం ఇవ్వలేదు. అడగడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. మళ్లీ కొనే స్తోమత లేదు, ఉన్నా ఆ దారిన ఇనుము మోసుకొచ్చే ధైర్యం లేదు. అమ్మ ఎడమ చేత్తో రాట్నం తిప్పడం నేర్చుకుంది. తాతయ్య అటు చూడకుండా అన్నం తినేవాడు.

ఇప్పటికీ ఏది చేయించాలన్నా ముందు అట్టతోనో మట్టితోనో చేసి చూస్తాను. అది తాతయ్య చెప్పిన చదువు. కానీ ఇనుప కొట్టులో చిన్న గొట్టం ముక్క కొన్నా సరే, అది దేనికని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మాటను ఇల్లు చేరేదాకా లోపల వల్లె వేసుకుంటూనే నడుస్తాను.