ఎర్రరుమాలు పక్కన ఎవరు నిలబడతారు

టీచరమ్మ చనిపోయిందన్న కబురు నాకు జగిత్యాల కోర్టు గేటు దగ్గర తెలిసింది. అప్పుడు నేను ఆమె కోసమే అక్కడ ఎదురుచూస్తున్నాను. కోరుట్ల నుంచి బస్సులో వస్తానంది. ఇంటిపన్ను రసీదు, ఆధార్ కార్డు మర్చిపోకుండా తెస్తానంది. బస్సులు వచ్చి పోతున్నాయి, ఆమె దిగడం లేదు. ఫోన్ మోగితే ఆమే అనుకున్నాను. ఆమె చెల్లెలు.

"బిడ్డా, అక్క లేదు," అంది. "బస్సుకు తయారైంది. చెప్పులు ఏసుకుందామని గడప మీద కూసున్నది. మల్ల లేవలే."

నేను "సరే" అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేశాక ముందుగా తట్టిన ఆలోచన ఒక్కటే: ఇప్పుడు జైల్లో ఉన్న అతనికి జమానతు ఎవరు నిలబడతారు? ఇవాళ్టికీ లోపలంతా మొద్దుబారినట్టే ఉంది. వచ్చిన వాళ్లకు టీ పోస్తున్నాను, ఫైళ్లు సర్దుతున్నాను, తింటున్నాను. ఆమె గురించి రాస్తే ఏమన్నా కదులుతుందేమోనని ఇది రాస్తున్నాను.

ఆమె మా వాడలోని చిన్న చర్చిలో సండే స్కూల్ టీచర్. వారమంతా ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. ఆదివారం మధ్యాహ్నం చర్చి పక్కన రేకుల షెడ్డు కింద చాప పరిచి పిల్లలకు కథ చెప్పేది. మాది చర్చికి పోయే ఇల్లు కాదు. బాపు సిరిసిల్లలో సాంచల మీద పనిచేసేవాడు. వారం పొడుగునా ఆ మరమగ్గాల చప్పుడులో ఉండి, ఆదివారం ఇంటికొస్తే కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడేవాడు. అమ్మ కోరుట్లలో బీడీలు చుట్టేది. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేనే. నన్ను ఆ షెడ్డు కిందికి లాక్కుపోయింది దేవుడు కాదు, కథ. ఈ మాట టీచరమ్మకే చెప్పాను ఒకసారి. "కథను పంపింది ఎవ్వలనుకున్నవు?" అని నవ్వింది.

ఆ కథ ఆమె సొంతం. ఎక్కడా అచ్చు కాలేదు. కొండ మీది ప్రార్థన మందిరంలో గంట పోతుంది. దాన్ని వెతకడానికి ముగ్గురు పిల్లలు, ఒక మేకపిల్ల బయల్దేరతారు. పాత మగ్గం చెక్కలతో పడవ కట్టుకుని గోదావరి దాటుతారు, గుట్టల్లో తప్పిపోతారు, ఎండిపోయిన వాగులో ఇసుక తోడుకుని నీళ్లు తాగుతారు. ఆపద వచ్చినప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చుని, "ప్రభువా, తొవ్వ చూపియ్యి" అని, వెంటనే లేచి పరుగెత్తుతారు. "ప్రార్థన చిన్నగ జెయ్యుండ్రి, ఉరుకుడు గట్టిగ ఉరుకుండ్రి," అనేది టీచరమ్మ. పరీక్షల ముందు కూడా మాకు అదే చెప్పేది.

గంట ఎత్తుకుపోయినవాడి పేరు ఎర్రరుమాలు. పిల్లలు అతన్ని ఎన్నోసార్లు పట్టుకుంటారు. పట్టుకున్న ప్రతిసారీ టీచరమ్మ కథ ఆపేసేది. మాలో ఒకరిని లేపి, మెడకు ఎర్ర గుడ్డ కట్టి, చాప మధ్యలో నిలబెట్టేది. ఇక ఆట మొదలు. ముందు అతనికి నీళ్లు ఇవ్వాలి. ఎందుకు పట్టుకున్నామో అతనికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇంట్లో ఎవరికి కబురు పెట్టాలో అడగాలి. ఆ తర్వాత మాలో ఒకరు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, అతని పక్కన నిలబడాలి. అప్పటిదాకా ఎవరూ అతని తప్పు ఎంచడానికి వీల్లేదు.

మాకు ఒళ్లు మండేది. ఒకసారి నా పక్కన కూర్చున్న పిల్లవాడొకడు లేచి, "టీచర్, ఈసారన్నా వాన్ని జైల్ల ఏయుండ్రి. యాష్టకొస్తుంది," అన్నాడు.

"ఏస్తం తియ్యి. ముందుగాల వాని పక్కన ఎవ్వలు నిలబడ్తరో చెప్పుండ్రి."

"వాడే దొంగతనం జేసిండు గద టీచర్! మేం చూసినం గద! పక్కన నిలబడి ఏం చెప్పాలె, చెయ్యలేదనా?"

"చెయ్యలేదని ఎవ్వలు చెప్పమన్నరు?" అంది ఆమె. "పక్కన నిలబడుడంటే వాడు ఒక్కడు కాకుండ జూసుడు. గంతే. యేసయ్య ఆఖరి గడియల్ల ఎవ్వల నడుమ ఉన్నడు? దొంగల నడుమనే గద."

ఆ పిల్లవాడు గొణుక్కుంటూ పోయి ఎర్రరుమాలు పక్కన నిలబడ్డాడు. నీళ్ల గ్లాసు కూడా వాడే ఇచ్చాడు, సగం తాను తాగేసి. టీచరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది.

అమ్మ నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి, చర్చి గోడ పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునేది. "కథలింటె కడుపు నిండుతదా?" అని నన్ను దెప్పేది. కానీ టీచరమ్మ కథ ముగించేదాకా ఒక్కనాడూ నన్ను పిలవలేదు. ఇంటికి నడుస్తూ మాత్రం, "మేకపిల్ల నీళ్లల్ల పడ్డది గద, బయటికొస్తదా?" అని అడిగేది.

లా కాలేజీలో రాజ్యాంగం పాఠం చెబుతున్న రోజు నాకు బాగా గుర్తు. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, తనకు నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, రోజు దాటకముందే మెజిస్ట్రేటు ముందుకు తేవాలి. సార్ చదువుతుంటే నాకు రేకుల షెడ్డు, ఎర్ర గుడ్డ, నీళ్ల గ్లాసు కనిపించాయి. సెలవుల్లో వచ్చి అడిగాను, "ఇవన్నీ చట్టంలవేనా టీచరమ్మా?" అని. "మరి? ఎర్రరుమాలు వట్టిగనే అన్నిసార్లు దొరికిండనుకున్నవా?" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఉచిత న్యాయ సహాయం వాళ్లతో కలిసి జైలుకు కూడా పోతుందని. ఖైదీలకు వాళ్ల హక్కులు చెప్పేది. "పైసలు లేకున్నా వకీలును అడుగొచ్చు. అడుగుడు మీ హక్కు, సిగ్గుపడకుండ్రి," అనేది. అక్కడ కూడా కథ మొదలుపెట్టిందట. మీసాలున్న మనుషులు పోయిన నెల కథ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని, "అమ్మా, గంట దొరికిందా?" అని అడిగేవారట.

"దొరుకుతదా టీచరమ్మా?" అని నేనూ అడిగాను.

"దొరుకుతది. తొందరేమున్నది?"

ఆమెకు ఈ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అడగాలని అనుకునేదాన్ని. ఆమె చాయ్‌ని సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, కిటికీ బయటికి చూస్తూ తాగేది. ఆ సమయంలో ఏమీ అడగబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు జమానతు సంగతి చెప్పాలి. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి అతని పేరు రాయను. ఈ మాత్రం రాయడానికి అతనే ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు సగం నీళ్లు తాగేసి గ్లాసు ఇచ్చిన పిల్లవాడు అతనే. పెద్దయ్యాక సిరిసిల్లలో సాంచల పనికి పోయాడు. పని తగ్గింది, తాగుడు పెరిగింది. కథలాపూర్ వైపు పొలాల్లో మోటార్ల రాగి వైరు పోయిన కేసులో పోలీసులు అతన్ని పట్టుకున్నారు. న్యాయ సహాయం తరఫున అతని కేసు నాకు వచ్చింది. కోర్టు బెయిలు ఇచ్చింది, కానీ ఒక మనిషి జమానతు నిలబడాలి. వాయిదాకు అతను రాకపోతే ఆ భారం తన మీద వేసుకునే మనిషి కావాలి. అతని అన్నలు రామన్నారు. మేనమామ ఫోన్ ఎత్తలేదు. లాయరు తన కక్షిదారుకు జమానతు ఉండకూడదు, అది మా వృత్తి నియమం. బెయిలు వచ్చినా అతను జైల్లోనే ఉన్నాడు.

టీచరమ్మకు చెప్పగానే, "నేనొస్త," అంది. చర్చిలో ఒక పెద్దమనిషి ఆమెను నిలదీశాడు. "వరికి నీళ్లు పారవెట్టే యాల్లకు మోటరు ఆగిపోతే ఎట్లుంటదో ఎరికేనా టీచరమ్మా? ఆ రైతు పక్కన ఎవ్వలు నిలబడ్తరు?"

ఆమె మరునాడు బస్సెక్కి ఆ రైతు పొలానికి పోయింది. నన్నూ తోలుకుపోయింది, కానీ దూరంగా రోడ్డు మీదే ఉండమంది. "నువ్వు అవతలి వకీలువు, ఆయనతోటి మాట్లాడద్దు," అంది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చీర అంచుకంతా బురద. రైతు ఏమన్నాడని అడిగితే, "తిట్టిండు. మస్తు తిట్టిండు. నేను కూసోని ఇన్న," అంది. బురద దులుపుకుంటూ, "ఆఖరికి, 'నువ్వు నిలబడుకో అమ్మా, నా వైరు మాత్రం నాకు గావాలె' అన్నడు. ఆయనది నాయమే గద," అంది. అది ఆమెతో నా చివరి ప్రయాణం.

అంత్యక్రియలు కోరుట్లలో జరిగాయి. పాటలు పాడారు. నాకు వచ్చిన పాటలే. ఎవరో నా చేతిలో గుప్పెడు మట్టి పెట్టారు, వేశాను. అమ్మ కూడా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, కోర్టులో నిలబడ్డట్టే.

మరునాడు ఇంట్లో అన్నం తింటుంటే అమ్మ అడిగింది. "ఆ పిలగాడు ఇంక లోపట్నే ఉన్నడా?"

"ఉన్నడు. జమానతు లేదు గదనే."

"ఈ ఇల్లు నా పేరు మీదనే ఉన్నది గద. ఇంటిపన్ను రసీదు అల్మారల ఉన్నది."

బాపు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏంది, మోటర్ల వైరు ఎత్తుకపోయినోనికి నువ్వు నిలబడ్తవా? రేపు వాడు ఉరికిపోతే? సిరిసిల్లల నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

"నీ మొఖాన్ని ఎవ్వలు జూస్తున్నరయ్యా ఆ దుమ్ముల?" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "టీచరమ్మ నిలబడ్తనన్నది. చెప్పులు ఏసుకుంట పాయె. తొవ్వల ఉన్న పని గది."

నేను వద్దన్నాను. అతను పారిపోతే ఏం జరుగుతుందో ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాను. ఇంటి మీదికి వస్తుందన్నాను. నా కేసుకు నా తల్లే నిలబడితే బాగుండదు, వేరే మనిషిని చూస్తానన్నాను. "చూసినవు గద ఇన్నొద్దులు," అంది అమ్మ. అది నిజమే. నేను మా సీనియరును అడిగాను. ఏదీ దాచకుండా జడ్జిగారికి చెప్పి, కేసు ఇంకొకరికి అప్పగించమన్నారు. అలాగే చేశాను. అంటే అమ్మ జమానతు నిలబడ్డ రోజు కోర్టులో నేను వెనక బెంచీలో కూర్చున్న మనిషిని మాత్రమే.

జడ్జిగారు అమ్మను అడిగారు. "ఇతను నీకేమైతడమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఏం గాడు సారు. మా బిడ్డతోటి కథలు ఇన్నడు."

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "వాయిదాకు రాకుంటే నీ మీదికస్తది. తెలుసా?"

"తెలుసు సారు. మా బిడ్డ బెదిరిచ్చింది."

అమ్మ వేలిముద్ర సరిగా పడలేదు. తునికాకు కత్తిరించి, దారం చుట్టి, ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. గుమస్తా తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేయించాడు. ఎడమది వద్దని కుడిది, మళ్లీ ఎడమది. అమ్మ ఓపిగ్గా వేలు ఇస్తూనే ఉంది.

సాయంత్రం జైలు గేటు దగ్గర అతను బయటికి వచ్చాడు. సన్నబడ్డాడు. టీచరమ్మ సంగతి అతనికి లోపలే తెలిసింది. మమ్మల్ని చూసి తల వంచుకున్నాడు. అమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి ఇచ్చింది.

"ముందుగాల నీళ్లు దాగు," అంది.

అతను సీసా పట్టుకుని అమ్మను అట్లాగే చూశాడు. గోడ అవతల కూర్చుని అమ్మ ఎంత విన్నదో నాకూ అప్పుడే తెలిసింది.

కోరుట్లలో బస్సు దిగాక అతను ఇంటివైపు తిరగలేదు. ముగ్గురం సమాధుల దగ్గరికి నడిచాం. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, పూలు వాడిపోయాయి, ఇంకా రాయి పెట్టలేదు. మేం కొంచెం దూరంలోనే ఆగిపోయాం. అతను ఒక్కడే ముందుకు పోయాడు. ప్రార్థన చేయలేదు, మోకాళ్ల మీద కూర్చోలేదు. మట్టి దిబ్బ పక్కకు చేరి, చేతులు వెనక్కి కట్టుకుని, మా వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. పొద్దు గూకుతోంది. అమ్మ పిలవలేదు, నేనూ పిలవలేదు.