పైన కూడా ఒక ఫోనుంది

ఎనభైల చివర, పంజాగుట్టలో మా యూనివర్సిటీ హాస్టల్‌కంతా ఒక్కటే ఫోను. అదే లైను మీద ఇంకో ఫోను, పారలల్ కనెక్షన్, పైఅంతస్తులో వార్డెన్ ఇంట్లో ఉండేది. నా రూమ్మేట్‌కు వాళ్ల మామ దుబాయి నుంచి తెచ్చిన కంప్యూటర్‌ను మోడెం పెట్టెతో ఆ ఫోను తీగకు తగిలించి, క్యాంపస్‌లోని పెద్ద కంప్యూటర్‌తో కలపాలని మా తాపత్రయం.

మధ్యాహ్నం ఫోనున్న ఆఫీసు గది ఖాళీ కాగానే అన్నీ మోసుకెళ్లి డయల్ చేసేవాళ్లం. కీచుమని కూత వచ్చేది. తెర మీద నాలుగక్షరాలు పడేవో లేదో, పైన వార్డెన్ వాళ్లమ్మ రిసీవర్ ఎత్తేది. ఫోను మోగకపోయినా ఎత్తడం ఆమెకు అలవాటు.

"హలో, ఎవలు? గీ ఫోన్ల ఏదో ఒర్లుతున్నది కొడుకా!"

మా అక్షరాలన్నీ పిచ్చిగీతలయ్యేవి, లైను తెగిపోయేది. ఆ ముసలామె చేతులు పడిపోనూ అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

ఒక ఆదివారం ఆ ఇంటిల్లిపాదీ బోరబండలో పెళ్లికి పోయారు. లైను తెగలేదు. మొదటిసారి పూర్తి వాక్యం వచ్చింది. అవతలి కంప్యూటర్ పేరూ పాస్‌వర్డూ అడిగింది. అంతదాకా ఎన్నడూ వెళ్లలేదు గనుక, పాస్‌వర్డ్ ముందే తీసుకోవాలని మాకు తెలియనే తెలియదు. మా పేర్లు కొట్టాం. ఎవరో తెలియదంది. మళ్లీ కొట్టాం. మళ్లీ అదే మాట.

నేను తీగ పీకబోయాను.

"కట్ చెయ్యకు భాయ్," అన్నాడు రూమ్మేట్. "కలిసింది గదా. జర ఉండనీ."

ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం వాళ్లు ఆటో దిగి మెట్లెక్కిన చప్పుడైంది. కాసేపటికి తెర నిండా పిచ్చిగీతలు.

"హలో," అంది పైనుంచి ముసలామె. "ఎవలు?"