మంచుమనిషి మీద పోసిన నీళ్ళు

కెనడాలోని ఎడ్మంటన్‌లో నా చిన్నప్పుడు మా పక్కింట్లోనూ తెలుగువాళ్ళే ఉండేవారు. ఆ అంకుల్ యూనివర్సిటీలో మా నాన్నతో కలిసి పనిచేసేవారు. వాళ్ళమ్మాయి నాకంటే మూడేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని కానీ, ఆ పిలుపులో ప్రేమకంటే కడుపుమంటే ఎక్కువ. స్కేటింగ్ ఆమెకే బాగా వచ్చు, పియానో ఆమెకే వచ్చు. "అక్కని చూసి నేర్చుకో" అని మా అమ్మ రోజుకు రెండుసార్లయినా అనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక శనివారం చలి కాస్త తగ్గింది. మామూలుగా మా ఊరి మంచు పొడిపిండిలా రాలిపోతుంది. ఆ రోజు మాత్రం తడితడిగా, ముద్దలు చేస్తే అంటుకునేలా ఉంది. అక్క, అంకుల్ కలిసి వాళ్ళ ఇంటి ముందు మంచుమనిషిని చేయడం మొదలుపెట్టారు. నేనూ మా వాకిట్లో ఒకటి మొదలుపెట్టాను. నాది నడుము దాకా లేచి ఒరిగిపోయింది. వాళ్ళది పెరుగుతూనే ఉంది. తల పెట్టడానికి అంకుల్ నిచ్చెన కూడా తెచ్చారు. వీధిలో పిల్లలంతా అక్కడే చేరారు.

"నువ్వూ రావే, హెల్ప్ చేద్దువుగాని" అని అక్క పిలిచింది. ఆ పిలుపుతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. వినబడనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక, చిన్న బకెట్‌తో వేడినీళ్ళు తీసుకెళ్ళి, ఇంకా అక్కడే ఉన్న నిచ్చెన ఎక్కి, దాని నెత్తిన గుమ్మరించాను. ముక్కుకు పెట్టిన క్యారెట్ జారి పడింది. మిగతాది తెల్లారేసరికి కరిగిపోతుందని నమ్మి పరుగెత్తుకొచ్చేశాను.

కానీ ఆ రాత్రే చలి మళ్ళీ విరుచుకుపడింది. పోసిన నీళ్ళన్నీ గడ్డకట్టుకుపోయాయి. పొద్దున్న చూస్తే మంచుమనిషి గాజుతో పోతపోసినట్టు ఎండలో ధగధగలాడుతోంది. చుట్టూ నిన్నటికంటే ఎక్కువమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో అంకుల్ నన్ను దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఆ మెరుపంతా ఈ పిల్ల పనేనని, నిన్న తనే నీళ్ళు పోసిందని అందరికీ ఇంగ్లీషులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క వచ్చి నన్ను వాటేసుకుంది. చెంపదెబ్బ తిన్నా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

జనం పలచబడ్డాక ఆయన వంగి, తెలుగులో మెల్లగా అన్నారు. "కిటికీలోంచి చూశానమ్మా. నీళ్ళు పోశావని నేను చెప్పాను. ఎందుకు పోశావో మాత్రం అక్కకి నువ్వే చెప్పుకోవాలి."

నోరు పెగలడానికి మూడు రోజులు పట్టింది. అక్కకి అంతా చెప్పాను. విన్నాక అక్క, "నీ మార్క్స్ చెప్పి మా మమ్మీ రోజూ నన్ను తిడుతుంది, తెలుసా?" అంది. నాకు తెలియదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అసూయ పోయిందని చెప్పను. కానీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, ఆ పని ఎందుకు చేశానో ముందు నన్ను నేనే అడుగుతాను. ఒక్కోసారి ఆ జవాబు నలుగురిలో చెప్పుకోలేనిదై ఉంటుంది. అలాంటప్పుడు, వినవలసిన ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళి చెప్పి వస్తాను.