పోలీసు ఇచ్చిన మంచి పేరు

మా హక్కుల సంఘం ఎక్కడ సభ పెట్టినా చివరి వరుసలో ఒకతను కూర్చునేవాడు. మఫ్టీలో వచ్చే ఇంటెలిజెన్స్ కానిస్టేబుల్. అతనెవరో మాకు తెలుసు, మాకు తెలుసని అతనికీ తెలుసు. రిపోర్టు రాసుకోవాలి కదా, మాట్లాడేవాళ్ల పేర్లు నన్నే అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. చెప్పకపోతే ఏ రిటైర్డు లెక్చరర్నో అడవిలోంచి వచ్చాడని రాసి పారేస్తాడు, ఆ తలనొప్పి మళ్లీ మాకే. పోస్టరు మీద అచ్చేసిన పేర్లకు రహస్యమేమిటి? అందరికీ టీ వస్తే అతనికీ ఒక కప్పు అందేది. నాకు ముందు సభల ఏర్పాట్లు చూసినవాళ్లూ ఇలాగే చేశారు.

అమీర్‌పేటలో నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్ పైగదిలో మా కమిటీ కూర్చునేది. ఎవరూ వినకూడదని ఫోన్లన్నీ ప్లాస్టిక్ బకెట్లో వేసి మెట్ల మీద పెట్టేవాళ్లం. అందులో ఏదో ఒకటి మోగేది. తమదేనేమోనని అందరూ లేచి వెళ్లి చూసుకొచ్చేవాళ్లు. ప్రభుత్వం భయపడుతున్నది ఇలాంటి మమ్మల్ని చూసి.

కిందటి వానాకాలంలో ఒక లాకప్ మరణం మీద నిజనిర్ధారణకు జిల్లాకు వెళ్దామనుకున్నాం. ఆ సంగతి కమిటీకి తప్ప ఎవరికీ తెలియదు. మా కారును టోల్‌గేటు దగ్గరే ఆపేసి, సాయంత్రం దాకా పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆలోపు ఆ చనిపోయినతని భార్యను ఎక్కడో బంధువుల ఊరికి పంపించేశారట.

మాలోనే ఎవరో పోలీసులకు చెప్పారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మావాళ్లు మాత్రం రెండు మీటింగుల్లో పట్టేశారు. కానిస్టేబుల్‌కు పేర్లు చెప్పేదెవరు? టీ ఇచ్చేదెవరు? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగిన మనిషిని నేనే.

ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. నేను గదిలోకి వస్తే మాట వానల మీదికి, ట్రాఫిక్ మీదికి మళ్లేది. మిగతావాళ్లు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. మాలో ఒక వకీలు ఉంది. కోర్టుల చుట్టూ, మార్చురీల చుట్టూ ఇద్దరం కలిసి తిరిగి జుట్టు నెరిసిపోయినవాళ్లం. ఆమె ఒక్కతె నమ్మితే చాలనుకుని పంజాగుట్టలో ఆమె ఆఫీసుకు వెళ్లాను.

"నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాను.

"నేనేమనుకుంటలేనక్కా. జర కొన్ని దినాలు ఆగు. అందరి మనసులు కుదుటపడనీ," అంది, ఫైల్లోంచి తలెత్తకుండా.

"నువ్వు నమ్ముతున్నావా, లేదా?"

"నమ్ముతనే ఉన్న," అంది కాసేపాగి.

ఆ ఆగిన కాసేపటికే నాకు ఒళ్లు మండింది. వచ్చిన టీ తాగకుండా లేచి వచ్చేశాను.

తర్వాత సోమాజిగూడలో ప్రెస్ మీట్ పెట్టారు. ముందుకు పోవాలనిపించక చివర కూర్చున్నాను. కానిస్టేబుల్ నా పక్క కుర్చీలోకి జరిగాడు.

"ఏంది మేడం, ఈడ కూసున్నరు? మీవాళ్లు మీ మీద డౌట్ పడుతున్నరంట గదా."

నీకెలా తెలుసని అడగలేదు. ఎవరో చెప్పే ఉంటారు. ఆ ఎవరో ఇంకా మా గదిలోనే ఉన్నారన్నమాట.

"పోస్టర్ల ఉన్న పేర్లు తప్ప మీరు మాకేమన్న చెప్పిన్రా? ఇది అన్యాయం మేడం. నేను మాట్లాడ్త మీ వకీలమ్మతోని."

"మీకు దండం పెడతాను, మీరు మాత్రం మాట్లాడకండి," అన్నాను.

మాట్లాడాడు. అందరూ లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నప్పుడు వకీలు దగ్గరికి పోయి, "మేడం మస్తు మంచిది. ఆమె మా మనిషి గాదు. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు. పోలీసు నోట మంచి పేరు తెచ్చుకున్నదాన్ని ఇక ఏ హక్కుల సంఘం నమ్ముతుంది? ఆమె నావైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. లిఫ్ట్‌లో జాగా ఉంది గానీ నేను మెట్లు దిగాను.

ఆ తర్వాత కమిటీ మా పైగదికి రావడం మానేసింది. నన్నెవరూ తీసేయలేదు. తీసేస్తే పోట్లాడేదాన్ని, ఇప్పుడు దేని మీద పోట్లాడాలి? అలసిపోయాను. పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉన్నాను.

మొన్న ఫోన్ మోగింది. కానిస్టేబుల్.

"మేడం, ఆదివారం మీ కమిటీ సనత్‌నగర్‌ల కూసుంటున్నరు. మీరొస్తున్నరా?"

ఎవరింట్లో అని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే చెప్పేసేవాడు.

"రావడం లేదు," అన్నాను.

"పానం మంచిగ లేదని రాయాల్నా?"

"ఏదో ఒకటి రాసుకోండి."

ఫోన్ పెట్టేశాను. ఇన్నాళ్లలో మా మీటింగుకు వస్తున్నారా అని నన్ను అడిగింది అతనొక్కడే.