గిడ్డమేకల దొడ్డికి అడ్డగడ

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై రెండేళ్లు. అందుకే 2005లో జరిగిన ఈ సంగతి ఇన్నేళ్లు నోటి మాటగానే ఉండిపోయింది. మంద మేతకు పోయే వేళకే బడి తెరుస్తారు, మంద తిరిగొచ్చే వేళకు బడి మూసేస్తారు. చిన్నప్పుడే మేకలు చేతికొచ్చిన నాకు ఆ రెండూ ఎప్పుడూ కుదరలేదు. మోకాళ్లు అరిగి మందను కోడలికి అప్పజెప్పాక, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మా ఊరు ఆత్మకూరు దాటాక, నల్లమల అంచున ఉంది. మేము పెంచేది గిడ్డమేకలు. బాగా ఎదిగిన మేక కూడా నా మోకాలి మీద జానెడుకు మించదు. కొంచెం మేతతో బతుకుతాయి, రాళ్ల గుట్ట ఎక్కుతాయి, పాలు చిక్కగా ఇస్తాయి. కానీ వాటి నడుము ఇరుకు. పెద్దజాతి పోతును కలిపితే ఈనేటప్పుడు పిల్ల ఇరుక్కుని తల్లి చచ్చిపోతుంది. ఇలా వేరే జాతి కలవడాన్ని పశువుల ఆసుపత్రిలో క్రాస్ అంటారు. మా అత్త కలుపు అనేది.

కలుపు పడకుండా ఆమెకు రెండు కాపలాలు ఉండేవి. ఒకటి మా వాగు. అవతలి ఊళ్ల పెద్దమేకలు దాన్ని దాటి వచ్చేవి కావు. రెండోది దొడ్డి వాకిట్లో అడ్డంగా కట్టిన తుమ్మగడ. ఏడాది నిండిన పోతుపిల్లను దాని కింద నుంచి నడిపించాలి. వీపు తగలకుండా దూరితే విత్తనానికి ఉంచుకోవాలి, తగిలితే అమ్మేయాలి. అత్త పోతూ పోతూ నాతో చెప్పింది ఆ గడ ఎత్తు మార్చవద్దనే.

ఆత్మకూరులో చిల్లర అంగడి పెట్టుకున్న వెంకటసుబ్బయ్య శెట్టి, వాళ్లమ్మకు పాలు కావాలని నా దగ్గర మూడు గిడ్డమేకలు తీసుకున్నాడు. తర్వాతి ఏడు ఒక పోతును కూడా తీసుకుపోయాడు. అది కవలల్లో ఒకటి. రెండోదాన్ని, మచ్చోడిని, నేను విత్తనానికి ఉంచుకున్నాను. రెండూ గడ కింద సులువుగా దూరినవే.

2005లో, కరువేళ్ల తర్వాత వానలు బాగా పడ్డాయి. వాగు పక్కన గడ్డి మోకాలెత్తు పెరిగింది. అప్పుడు ఒకరోజు శెట్టి ఆటోలో వచ్చాడు. ఆటోలోంచి దిగిన పోతు నా నడుమెత్తు ఉంది.

"ఓబులమ్మా, ఇది నువ్విచ్చిందే. ఆనవాలు పడ్తావేమో సూడు."

ఎడమ చెవి కింద, మచ్చోడికి ఉన్నట్టే, తెల్లమచ్చ ఉంది. అదే.

"ఏం పెట్టి సాకినావు శెట్టీ దీన్ని?"

"శెనగపొట్టు, గానుగ చెక్క, మా యమ్మ దొంగతనంగా పెట్టే బొరుగులు. అంగట్లో గోనెసంచులు గూడా శానా తినింది." నవ్వబోయి ఆగాడు. "మూడు మేకల్లో గౌరి నిన్న పొద్దున ఈనలేక సచ్చిపాయ. పిల్ల తల బయటికి రాలే. మా యమ్మ నిన్నట్నుంచి అన్నం ముట్టలే. గిడ్డరకం అని నువ్వే కదమ్మా అంటివి?"

"గిడ్డరకమే."

"మరి ఇదేంది, గుర్రమా?"

 మచ్చోడిని పట్టుకొచ్చి, ఇద్దరినీ గడ దగ్గరికి తీసుకుపోయాను. శెట్టి పోతు గడకు రొమ్ము ఆనించి నిలబడింది. మచ్చోడు దూరాడు.

శెట్టి వంగి చూశాడు. "తగిలిందా, లేదా?"

"వెంట్రుకలు తగిలినాయి. వీపు తగల్లే."

"పోయినేడు?"

"పోయినేడు వెంట్రుకలు గూడా తగల్లే."

"అంటే ఇది గూడా పెరుగుతాంది." తల గోక్కున్నాడు. "డాక్టరునడిగితే క్రాస్ అయినా అయ్యుండొచ్చు, మేత ఎక్కువైనా అయ్యుండొచ్చు అనె. ఆ మాట చెప్పనీకి డాక్టరెందుకమ్మా?"

అప్పుడు నాకు రెండు సంగతులు ఒకేసారి గుర్తుకొచ్చాయి. ఆ కవలల తల్లి సూడి కట్టిన ఏడు వాగు ఎండిపోయింది. అవతలి మందలు ఇసుక మీద నడిచి మా గుట్టకు వచ్చాయి. వాటిలో పెద్దపోతు ఉందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నా మందలో ప్రతి మేకకూ ఐదు తరాల తల్లుల పేర్లు చెప్పగలను. తండ్రి ఎవరని అడిగే పని మాకెప్పుడూ పడలేదు. వాగు ఉంది కదా అనుకున్నాం. ఇక రెండో సంగతి, ఆ కవలలు ఎదిగే ఏడు కూడా మేత లేదు. ఆకలితో ఎదగని పిల్ల ఏ జాతిదైనా గడ కింద దూరుతుంది. అయితే మేము ఇన్నాళ్లూ కొలిచింది రక్తాన్నా, ఆకలినా?

"మిగిలిన నా రెండు మేకలు గూడా దీంతోనే సూడి కట్టినాయి. ఏం చేయాల చెప్పు."

"మేత తగ్గించు. లోపలి పిల్ల పెద్దది గాకుండా."

"కడుపుతో ఉండేదాన్ని పస్తు పెట్టమంటావా? మా యమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

పోతును నా దగ్గరే వదిలి వెళ్లిపోయాడు. నా మందలో మచ్చోడితో కట్టినవి పదకొండు మేకలు. వాటికి మూడో నెల.

ఆ కాన్పులు ఎలా జరిగాయో చెబితే తేలిపోతుందనుకుంటారు. తేలలేదు. తొమ్మిది సులువుగా ఈనాయి. ఒకదానికి చేయి పెట్టి పిల్లను తీశాను. ఒకటి పోయింది, కానీ దాని పిల్ల చిన్నదే. అన్నిటికన్నా పెద్ద పిల్లను కన్న మేక లేచి వెంటనే నీళ్లు తాగింది. శెట్టి మేత తగ్గించలేదు, అయినా ఆయన మేకలు రెండూ క్షేమంగా ఈనాయి. మచ్చోడిని నేను మళ్లీ మందలో కలపలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

నేర్చుకున్నది ఇంతే. కడుపు నిండిన ఏడు కొలిస్తేనే గిడ్డతనం ఏదో, ఆకలి ఏదో తెలుస్తుంది. ఇప్పుడు మా కోడలు పోతుపిల్లలను ఏడాది పాటు దొడ్లోనే కట్టి, చెక్క పెట్టి, ఆ తర్వాతే గడ కిందకు తోలుతుంది. నేను నోటు పుస్తకంలో తల్లి పేరు పక్కన తండ్రి పేరు రాస్తున్నాను. తెలియని చోట తెలియదని రాస్తున్నాను.

శెట్టి వచ్చి పోయిన మరునాటికి ఇవేవీ నాకు తెలియవు. పొద్దున్నే మచ్చోడిని, వాడితో పుట్టిన శెట్టి పోతును దొడ్లో చెరో మూల కట్టేశాను. గడ తీసి మేకలను బయటికి వదిలాను. పదకొండూ అలవాటుగా వాగు పక్క పచ్చిక వైపు నడిచాయి. నేను ముందుకు పరుగెత్తి, కర్ర అడ్డం పెట్టి, వాటిని మేత తక్కువుండే రాళ్ల గుట్ట వైపు తోలాను.