గాయం మానేదాకా బదులు

ఇబ్రహీంపట్నం బడిలో నీళ్లు పోసే శంకరమ్మకు పిల్లలంటే ప్రాణమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమెకు మేమంటే చిరాకు. దోసిట్లో నీళ్లు పోస్తూ సగం మీద పోసేది, సగం కింద పోసేది, నడుమ రెండు తిట్లు పోసేది. ఊరికి ఆమె అంటే అంతకన్నా చిరాకు. రైతు ఇంటి ఆడబిడ్డ. మొగుడు పోయాక తమ్ముడు సంజీవ ఇంట్లో ఒక మూలన పడి ఉండక సర్కారు బడిలో కుండలు మోయడమేమిటని అందరికీ కడుపుమంట. ఆమె చేతి నీళ్లు మాత్రం అందరి పిల్లలూ తాగేవారు. ఆ పిల్లల పెద్దలే ఆమెను తిట్టేవారు. మా ఊరి సంగతి అంతే.

బడికి ఒక్కడే పంతులు, ఈశ్వరయ్య సారు. పాఠం ఉర్దూలో, దెబ్బలు తెలుగులో. ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరినీ బెత్తంతో వాయించేవాడు. వాయించిన దెబ్బల కసి కూడా కలుపుకొని సాయంత్రం చెరువుకట్ట కింద మళ్లీ కొట్టుకునేవాళ్లం.

నేను కల్లు గీసే గౌండ్ల ఇంటి జంగాను కట్ట మీది నుంచి తోశాను. ఎందుకు తోశానో గుర్తు లేదు. పెద్ద కారణమైతే గుర్తుండేది. వాడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మర్నాడు ఈశ్వరయ్య సారు నా మీదికి బెత్తం తీస్తుంటే శంకరమ్మ కుండ దించి అడ్డం వచ్చింది.

"సిద్దిగాన్ని కొడితే జంగా మేకలను ఎవరు కాస్తరు సారూ?"

సారుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"వానికి చెయ్యి లేదు. ఇంట్ల పది మేకలున్నయ్. వీడు కాయాలె. చెయ్యి మానేదాక బదులు."

మా దగ్గర బదులంటే తెలియని పసివాడు లేడు. ఇవాళ మీ చేలో నేను నాటు వేస్తే రేపు నా చేలో నువ్వు వెయ్యాలి. చేతికి చెయ్యి. దానికి ఎగనామం పెట్టినవాడి ముఖం ఊళ్లో ఎవడూ చూడడు. కానీ దెబ్బకు బదులు చెయ్యమన్న మనిషిని అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

మా బాపు గోపయ్య కర్ర పట్టుకుని బడికి వచ్చాడు. "గౌండ్లోళ్ల మేకలు కాసేతందుకా నా కొడుకును బడికి తోలింది? జంగా తండ్రే ఊకున్నడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కొట్టొద్దని చెప్పి తోలు. దురద ఉండదు," అంది శంకరమ్మ.

నెల రోజులు మేకలు కాశాను. జంగా చెయ్యి మెడకు కట్టుకుని గట్టు మీద కూర్చుని నన్ను అజమాయిషీ చేశాడు. అటు పోనియ్యకు, ఇటు పోనియ్యకు అని నా పానం తీశాడు. పదిరోజులకు వాడి మీద కోపం పోయింది. మేకల మీద మాత్రం ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత బడిలో ఎవడి మీదైనా చెయ్యి ఎత్తే ముందు వాడింట్లో ఎన్ని బర్రెలున్నాయో, బావి ఎంత లోతో ఆలోచించుకునేవాళ్లం. తెల్లవారుజామున ఎవడో ఒకడు ఎవడింట్లోనో పేడ ఎత్తుతూ కనబడేవాడు. పెద్దలు పళ్లు నూరేవారు. ఆ ఏడాది బడిలో బెత్తానికి పని తగ్గింది.

అంతలో కాలం చెడింది. జట్కా తోలే దస్తగీర్ రజాకార్లలో చేరాడు. నిన్నటిదాకా "జర జరుగుండ్రి అన్నా" అని గుర్రాన్ని తోలుకునే మనిషి ఖాకీ చొక్కా వేసుకుని బడి ముందర లాఠీ తిప్పడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లు అతనికి ఎదురుగా సలాం చేసి, వెనక ఉమ్మేవారు. ఈశ్వరయ్య సారు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. దస్తగీర్ కొడుకు జహంగీర్ మా తరగతే. తండ్రి టోపీ చెవుల దాకా దిగేసుకుని వచ్చి, "మా బాపుతో చెప్పి మీ ఇండ్లు కాలబెట్టిస్త," అనేవాడు. మేం వాడిని ఆటల్లోంచి వెళ్లగొట్టాం. వెళ్లగొట్టినకొద్దీ వాడు అదే మాట అనేవాడు.

ఒకనాడు మంచాల ఊరికి పోయే దారిలో సంజీవ గడ్డివాము నిజంగానే కాలిపోయింది. పక్కన కట్టేసిన కోడె కూడా కాలింది. ఎవరు పెట్టారో చూసినవాడు లేడు. ఊరంతా దస్తగీర్ పేరే చెప్పింది.

మర్నాడు జహంగీర్ అందరితో పాటు దోసిలి పట్టాడు. శంకరమ్మ చేతిలో చెంబు ఉంది. ఆ చెంబుతోనే వాడి మూతి మీద కొట్టింది. పెదవి చీలి దోసిట్లో నెత్తురు పడింది.

మాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఈశ్వరయ్య సారు అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదనుకుని, "మంచి పని జేసినవ్ శంకరమ్మా," అన్నాడు.

జంగా ఒక్కడే అడిగాడు. "పెద్దమ్మా, వీనింట్ల బదులెవరు జేస్తరు?"

శంకరమ్మ వాడి వంక చూసిన చూపు నాకు తెలుసు. వాడిని కూడా కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చెంబు కుండ మీద బోర్లించింది.

ఆ సాయంత్రం దస్తగీర్ ఇంటికి వెళ్లింది. మేమంతా దూరంగా వెంట వెళ్లాం. రోజూ జహంగీర్ చేసే పని రెండు బిందెల నీళ్లు, గుర్రానికి ఒక మోపు గడ్డి. వాడి తల్లి ఖాసింబీ మొదటి బిందెను వాకిట్లోనే ఒలకబోసింది.

"నా కొడుకు మూతి పగలగొట్టినవ్. నీ నీళ్లు మాకొద్దు."

"నా నీళ్లు గావు. వాడు తేవలసిన నీళ్లు," అని శంకరమ్మ మళ్లీ బావికి పోయింది.

దస్తగీర్ స్నేహితులను పిలిచి మరీ చూపించాడు. "చూడుండ్రి, రైతు బిడ్డ నా గుర్రానికి గడ్డి కోస్తున్నది." వాళ్లు నవ్వారు. ఇటువైపు సంజీవ ఇంటి తలుపు మూసేశాడు. "నా కోడెను కాల్చినోని ఇంటికి చాకిరి జేసినంక నా గడప తొక్కకు," అన్నాడు. ఆమె ఆ రోజు నుంచి బడి అరుగు మీదే పడుకుంది. తొమ్మిది రోజులు గడ్డి కోసింది. కొడవలి పట్టినప్పుడు ఆమె ముఖం చూస్తే కోస్తున్నది గడ్డి కాదనిపించేది. జహంగీర్‌ను ఒక్క మంచి మాట అనలేదు. పదో రోజు వాడి పెదవి చూసి, "మానింది," అని ఇంటి నుంచి కదిలింది. క్షమించమనీ అడగలేదు, క్షమించాననీ చెప్పలేదు.

నలభై ఎనిమిది భాద్రపదంలో ఇండియా ఫౌజు వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. దస్తగీర్ ఇంటివాళ్లనూ గుర్రాన్నీ వదిలేసి రాత్రికి రాత్రే మాయమయ్యాడు. అప్పుడు మా ఊరి మగవాళ్లకు ధైర్యం వచ్చింది. దస్తగీర్ ఊళ్లో ఉన్నన్నాళ్లు పిల్లుల్లా తిరిగిన వాళ్లు, అతను పోయాక మీసాలు దువ్వారు. నా తండ్రి కూడా అందులో ఒకడు. నేను ఈ మాట ఆయన బతికుండగా అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను.

ఖాసింబీని వాడకట్టు బావి దగ్గరికి రానివ్వలేదు. అందుకని జహంగీర్ బిందె పట్టుకుని బడి బావికి వచ్చాడు. టోపీ లేదు. మేం పదకొండు మందిమి బావి చుట్టూ ఉన్నాం. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు, రాళ్లు లేచాయి. నేనూ విసిరాను. గురి చూసే విసిరాను. వాడు బిందెను వదలకుండా కింద కూర్చున్నాడు. చెవి పైన తల పగిలి మెడ మీదుగా నెత్తురు కారింది.

శంకరమ్మ వచ్చి కొంగు చింపి వాడి తలకు కట్టింది. "ఎవరెవరు?" అంది.

జంగా ముందుకొచ్చి, "నేను," అన్నాడు. వాడు అన్నాక నేను ఎలా ఊరుకోను? "నేను," అన్నాను. ఒక్కొక్కరే పదకొండు మందిమీ అన్నాం.

"పా," అంది. "పదకొండు మంది పాండ్రి."

పదకొండు మందికి ఆ ఇంట్లో పని ఎక్కడిది? ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చాం. నిండిన గోళెంలోనే నీళ్లు పోశాం. ఖాసింబీ తలుపు సందులోంచి మమ్మల్ని చూస్తూ వణికింది. ఆమె వణుకు మా వల్లనేనని నాకు అప్పుడు తోచలేదు.

పొద్దు గూకుతుండగా వాళ్లు వచ్చారు. ఎనిమిది మంది. ముందు సంజీవ, పక్కన మా బాపు. బాపు చేతిలో మా ఇంటి గ్యాసునూనె డబ్బా. ముందురోజు మా అరుగు మీద వాళ్లు ఆ ఇల్లు కాలబెడదామని గుసగుసలాడుకోవడం నేను విన్నాను. ఊళ్లో అందరూ విన్నారు. శంకరమ్మ వినకుండా ఉంటుందా?

బాపు నన్ను చూసి ఆగిపోయాడు. నా చేతిలో బొక్కెన ఉంది.

"ఈడేం జేస్తున్నవ్‌రా?"

"బదులు."

"ఇంటికి పా."

నిజం చెప్పాలంటే నాకు పోవాలనే ఉంది. కానీ జంగా చూస్తున్నాడు. వాడు కొట్టంలో చీపురు పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు.

"పని గాలే," అన్నాను.

సంజీవ అక్క వైపు తిరిగాడు. "పోరగాండ్లను బయటికి తోలు."

శంకరమ్మ గడ్డి నరకడం ఆపలేదు. "పొద్దుగూకినంక పోతరు. నేను ఈడనే పంటున్న. తెల్లారకముందే వీళ్లు మళ్లొస్తరు."

"ఎన్ని రోజులు?"

"గాయం మానేదాక. నీ గడ్డి కాలింది సంజీవా, నాకు తెల్వదా? గదే కోడెకు నేను గూడ కుడితి పెట్టిన. ఇప్పుడు కాలబెడితే మాత్రం వీళ్లల్ల ఎవడు ముందు కాలాల్నో నువ్వే జెప్పు. నీ కొడుకు ఇంట్ల జొన్నలు విసురుతున్నడు."

సంజీవ కొడుకు నిజంగానే లోపల తిరగలి దగ్గర ఉన్నాడు. తిరగలి చప్పుడు వినబడుతూనే ఉంది. సంజీవ ఆమెను అనరాని మాట ఒకటి అన్నాడు. మా బాపు డబ్బా కింద పెట్టలేదు, మూత కూడా తీయలేదు. వాళ్లు వెనక్కి తిరిగారు. ఇంటికి వెళ్లాక నా వీపు పగిలింది. తెల్లవారి మళ్లీ వెళ్లాను, వెళ్లకపోతే శంకరమ్మ ఊరుకోదు.

పది పన్నెండు రోజులు గడిచాయి. మగవాళ్ల కసి చల్లారలేదు. రోజూ సందు మొదట్లో ఎవడో ఒకడు నిలబడి లోపల పిల్లలు ఉన్నారా లేదా చూసి పోయేవాడు. ఒకనాడు కొట్టం వెనక జహంగీర్ తల కట్టు విప్పి, గోళ్లతో గాయం పెచ్చును గీకుతూ కనబడ్డాడు. నెత్తురు మళ్లీ వస్తోంది.

"ఏందిరా గిది?" అన్నాను.

"మానితే మీరు రారు గద," అన్నాడు.

నేను వెళ్లి శంకరమ్మకు చెప్పాను. ఆమె వచ్చి వాడి చేతి మీద గట్టిగా ఒక్కటి వేసింది. "ఇంకోపారి గోకినవంటే ఏళ్లు ఇరుగుతయ్. మానిందో లేదో జెప్పెటిదాన్ని నేను."

అప్పటి నుంచి ప్రతి పొద్దున బడి అరుగు మీద అందరి ముందర వాడిని కూర్చోబెట్టి కట్టు విప్పేది. పసుపు అద్దేది. మళ్లీ కట్టేది. "మానలే," అనేది. దారిన పోయే పెద్దలకు వినబడేలా అనేది. దీపావళి పోయింది. "మానలే," అంది. జొన్నలు పొట్టకొచ్చాయి. "మానలే," అంది. బదులులో ఒక్క పూట ఎగ్గొట్టినా ఊరుకోని మనిషి, తను చీల్చిన పెదవికి లెక్కగా తొమ్మిది రోజులు గడ్డి కోసిన మనిషి, ఆ మాట అంటూ కళ్లు కూడా ఆర్పేది కాదు.

ఒక పొద్దున ఆమె కట్టు విప్పుతుంటే నేను బాగా దగ్గరగా నిలబడ్డాను. కట్టు కింద గాయం లేదు. నున్నటి మచ్చ, దాని చుట్టూ మొలిచిన కొత్త వెంట్రుకలు. అవి వేలెడు పొడవున్నాయి. జహంగీర్ తల వంచుకుని ఊపిరి బిగబట్టాడు. సందు మొదట్లో మా బాపు నిలబడి ఉన్నాడు.

శంకరమ్మ నన్ను చూసింది.

"ఏం జూస్తున్నవ్? మానిందా?"

"మానలే పెద్దమ్మా," అన్నాను, బాపుకు వినబడేలా.

ఆమె కట్టు మళ్లీ బిగించింది. నేను కొడవలి తీసుకుని గడ్డికి పోయాను.