సగంలో ఆగిన తెరచాప

ముందుగా పాఠకులకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇలాంటి నివాళి వ్యాసాల్లో పోయినవాడు నలుగురికీ దారి చూపి ఉండాలి. మా పెదనాయన ఎవరికీ ఏమీ చూపలేదు. పోయిన నెల భద్రాచలం దవాఖానాలో, గాలి ఎటునుంచి వీస్తోందని పక్క మంచం మనిషితో వాదిస్తూ పోయాడు. ఆ వాదన కూడా నెగ్గలేదట.

"మీ పెదనాయన పోయిండురా. ఆ పడవ సంగతేందో జూడు" అని పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇద్దరికీ ఏడుపొచ్చింది పడవ మాట దగ్గరే.

పర్ణశాలకు దిగువన మా రేవులో ఉండేది ఆ తెరచాప పడవ. ఒకప్పుడు మిర్చి, వెదురు మోసింది. ఇంజను పడవలు రాగానే ఖాళీ అయింది. తర్వాత ఒక వరదకు దాని తెరచాప కొయ్య చివరి చెక్క గిలక ఊడి కొట్టుకుపోయింది. తెరచాపను పైకి లాగే మోకు తిరిగేది ఆ గిలక మీదే. అది లేని పడవ పొడవాటి కుడితితొట్టితో సమానం. ఒక్కసారి, గాలితోనే, దాన్ని మళ్లీ అవతలి ఒడ్డుకు తీసుకుపోవాలని పెదనాయన పంతం. ఇంజను పెట్టించుకోమంటే, "ముసలితనంల దానికి పొగ తాగుడు నేర్పాల్నా?" అనేవాడు.

గిలక కోసం భద్రాచలంలో ఇనప సామాన్ల దుకాణానికి నన్ను వెంటేసుకుపోయాడు.

"గిలకనా? బాయికా?" అన్నాడు దుకాణదారు.

"పడవకు."

"గాలి పడవనా! ఇంకా ఉన్నయా పెద్దాయనా?"

"పడవ ఉంది. గాలి ఉంది. నీ దగ్గర లేందే గిలక."

చివరికి బావి గిలకే తెచ్చాం. దాని గాడిలో మా లావు కొబ్బరి మోకు పట్టలేదు. సన్న నైలాన్ తాడు కడితే అది మోకు బిగించే గుంజకు నిలవక జారి, ఆయన అరచేయి కోసేసింది. "గిలక మారిస్తే మోకు మారాలె, మోకు మారిస్తే గుంజ మారాలె. ఇగ మిగిలేది నేనే గదరా" అన్నాడు, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

ఇంజనీరింగ్ చదివిన మహానుభావుణ్ని గనుక నేను ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఘనంగా దిగింది, బాల్కనీలో బట్టలారేసుకునే ప్లాస్టిక్ గిలక. పెదనాయన దాన్ని గోరుతో తిప్పి చూసి, "నీ బనీను ఎగరేద్దాంలే" అన్నాడు.

ఆఖరికి తనే చింతకర్రతో గిలక చెక్కాడు. పెద్దమ్మ వంటింట్లో ఆముదంలో కాచి, ఇల్లంతా కంపు చేశాడు. కర్ర బాగా ఎండాలని ఆయనకు తెలుసు. ఆగుదామంటే, "ఎండేదాంక ఉండొద్దా నేను?" అన్నాడు. ఎక్కించిన మర్నాడే వాన. గిలక ఉబ్బి బిగుసుకుంది. తెరచాప సగం లేచి ఆగింది. పైకి పోదు, కిందికి రాదు.

ఒడ్డు మీంచి పెద్దమ్మ కేకేసింది. "జెండా దించినట్టు సగంల ఆపినవేంది? ఎవరు పోయిండ్రని?"

"ఇంకా పోలే. జర ఆగు."

అందరం నవ్వాం. ఆయన మాత్రం ఆ సగం తెరచాప కింద కూర్చుండిపోయాడు. "గాలి ఎప్పటిలెక్కనే వస్తుందిరా. దాన్ని పట్టేటియే లేకుండ పోయినయ్" అన్నాడు. ఆ వానల్లోనే దగ్గు పట్టుకుంది. మళ్లీ రేవుకు రాలేదు.

దినాలు కాకముందే కర్రల వ్యాపారి వచ్చి పడవను తట్టి చూశాడు. "టేకు. దర్వాజలకు మంచిగ పనికొస్తది."

ఆ వారమే గోదారి పెరిగింది. తెల్లారేసరికి రేవులో పడవ లేదు. "ఆయనే తీస్కపోయిండు" అంది పెద్దమ్మ. పడవను ఒడ్డుకు కట్టిన మోకు వరదకు తెగిందన్నారు ఊళ్లోవాళ్లు.

మోకు తెగలేదు. ముందురోజు పొద్దుగూకే వేళ ముడి విప్పింది నేనే. గిలక తేలేనివాడిని, ఆ పనైతే చేశాను. పడవ కాసేపు అక్కడే ఊగింది. తర్వాత ఆ సగం తెరచాపతోనే అడ్డం తిరిగి, ఎర్రనీళ్లలో దిగువకు పోయింది. అవతలి ఒడ్డు వైపు జానెడైనా జరగలేదు.